చిన్న రియాక్టరు, ఇంటి దీపము

(పట్టణ గ్రంథాలయ పఠనమందిరమున జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



నేటి విషయము నేనై యెన్నుకొన్నది గాదు. "చిన్న అణురియాక్టరు అని పత్రికలు తఱచు వ్రాయుచున్నవి, అది మన పేటకు వచ్చునా, మన యింటికి వచ్చునా? వచ్చిన మంచిదేనా?" అని యువకులు కొందఱు గ్రంథాలయ కార్యదర్శిగారి నడిగిరట. వారా ప్రశ్నను నామీదికి నెట్టివైచిరి. నేను న్యాయస్థానమున వాదించువాడను గాని ప్రయోగశాలలో పరీక్షించువాడను గాను. అయినను ఒక వాగ్దానము మన యెదుటికి వచ్చినపుడు అందేది సాక్ష్యము, ఏది యాశ, ఏది సరకు నమ్ముకొనువాని కేక యని విడదీయుట మా వృత్తిలో నిత్యము చేయుపనియే. ఆ పనిని మాత్రము నేడు మీ సమక్షమున చేయ బూనితిని.

ముందుగా కోరికను నిందింపరాదు. నడివేసవిలో, నడిరాత్రి కరెంటు పోయినపుడు పసిబిడ్డకు విసనకఱ్ఱతో విసరుచు కూర్చున్న తల్లి, బొగ్గుబండితోను తీగెతోను సబ్‌స్టేషనుతోను పనిలేని దీపము మా యింటనే యుండిన నెంత బాగుండునని తలంచుటలో తప్పేమున్నది? అణువునందలి శక్తియు నా కోరికను రెచ్చగొట్టునంతటిదే. లెక్క చూడుడు. యురేనియము-235 ఒక గ్రాము పూర్తిగా విచ్ఛిత్తి పొందెనేని సుమారు 24,000 యూనిట్ల వేడి పుట్టును. అందు మూడవ వంతే విద్యుత్తుగా మాఱిన దనుకొన్నను 8,000 యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడుకొను సంసారమునకు అది ఆఱున్నర యేండ్లు చాలును. అంత వేడిని బొగ్గునుండి పుట్టింపవలెనన్న మన సింగరేణి బొగ్గు సుమారు నాలుగైదు టన్నులు కాల్పవలెను. ఒక వైపున చిటికెడు లోహము, రెండవ వైపున నాలుగైదు ఎడ్లబండ్ల బొగ్గు. ఇందు అతిశయోక్తి యేమియు లేదు.

అట్లయిన నా చిటికెడు లోహమును వంటింటి యలమారలో పెట్టుకొని దీపము వెలిగించుకొనరాదా? రాదు. ఏలయనగా ఒంటికట్టె మండదు. పొయ్యిలో నాలుగు కట్టెలు ఒకదాని వేడి నొకదానికిచ్చుకొన్నప్పుడే మంట నిలుచునని మన యిండ్లలోని స్త్రీలందఱును ఎఱుగుదురు. అణువులును అంతే. ఒక అణువు విచ్ఛిన్నమైనపుడు వెలువడు న్యూట్రానులు మఱొక అణువును, అది వేఱొకదానిని తాకి, ఆ పరంపర తెగకుండ సాగవలెను. ముద్ద చిన్నదైన న్యూట్రానులు బయటికి తప్పించుకొనిపోవును, పరంపర తెగును, మంట లేదు. భూమినుండి తీసిన యురేనియమున ఈ 235 అను పాలు నూటికి 0.7 మాత్రమే. 1942 డిసెంబరు 2వ తేదీన చికాగో నగరమున ఎన్రికో ఫెర్మీ ప్రభృతులు మొట్టమొదటి రియాక్టరును నడిపినపుడు 300 టన్నులకు మించిన గ్రాఫైటు దిమ్మలను, పదుల టన్నుల యురేనియమును పేర్చవలసివచ్చెను. అంతటి గుట్ట యానాడిచ్చిన శక్తి యెంత? అరవాటు. చేతిదీపమునకును చాలదు.

దానిని చిన్నది చేయవలెనన్న ఇంధనమును చిక్కబఱుపవలెను. పాశ్చాత్యదేశముల సామాన్య విద్యుత్కేంద్రములలో 235 పాలు నూటికి 3 నుండి 5 వఱకు నుండును. నేడు ప్రకటింపబడుచున్న చిన్న రియాక్టరులలో పెక్కింటికి అది దాదాపు 20 వఱకు పోవును. ఇట్టి యింధనమును వర్తకపు సరకుగా తయారుచేయగల దేశములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఇటీవలి వఱకు రష్యాయే ముఖ్యమైన విక్రేత. ఊరిలోనే దీపము, ఆ దీపమునకు నూనె మాత్రము పరదేశపు కొట్టులో అన్నచో, అది స్వతంత్రమైన దీపమగునా యని స్వదేశీ మాట నెఱిగినవా రాలోచింపవలెను.

ఇక కవచము. విచ్ఛిత్తినుండి బయలుదేరు కిరణములను ఆపుటకు రమారమి రెండు మీటర్ల కాంక్రీటు గోడ వలయును. శక్తిని పదవ వంతునకు తగ్గించితిమి గదా, గోడయు పదవ వంతునకు తగ్గునని తలంపకుడు. ఒక మూరెడు తగ్గును. అంతే. చిన్న రియాక్టరు చిన్నదగునపుడు దాని హృదయము మాత్రమే చిన్నదగుచున్నది. చొక్కాయి ఇంచుమించుగా పెద్దవాని చొక్కాయియే.

ఈ సంగతులు శాస్త్రజ్ఞులు మొదటినుండియు నెఱిగినవే. కాని ఆశ యూరకుండనిచ్చునా? 1954లో అమెరికా అణుశక్తి సంఘాధ్యక్షుడు లూయీ స్ట్రాస్ గారు, తమ బిడ్డల కాలమునకు విద్యుత్తు మీటరు పెట్టి కొలువనక్కఱలేనంత చౌక యగునని ఒక సభలో పలికిరి. ఆ బిడ్డలు నేడు ముదుసళ్లయి బిల్లులు చెల్లించుచునే యున్నారు. 1958లో ఫోర్డు కంపెనీవారు వెనుకభాగమున రియాక్టరు గల 'న్యూక్లియాన్' అను మోటారుకారు నమూనాను ప్రదర్శించిరి; అది బొమ్మగానే మిగిలెను. 1955 మొదలు 1957 వఱకు అమెరికా వైమానికదళమువారు ఒక బాంబరు విమానమున రియాక్టరును పెట్టుకొని పలుమాఱులు ఎగిరిరి. ఆ రియాక్టరు విమానమును నడుపలేదు. విమానమే దానిని మోసెను. గుఱ్ఱమును కొన్నవాడు గుఱ్ఱమునే భుజమున కెత్తుకొన్నట్లు! 1961లో ఆ పథకమును మాన్పిరి.

అమెరికా సైన్యము మాత్రము నిజముగనే చిన్న రియాక్టరులను కట్టినది. ఈ కథ మన ప్రశ్నకు మిక్కిలి సన్నిహితము గావున కొంచెము నిలిచి చెప్పుదును. ఉత్తరధ్రువ ప్రాంతమున రాడారు కేంద్రములకు డీజిలు మోయుట కష్టమని, 3 మెగావాట్ల వేడినిచ్చు ఎస్.ఎల్.-1 అను రియాక్టరును ఇడాహో ఎడారిలో పరీక్షార్థము నిర్మించిరి. కొలదిమంది సిపాయిలు చూచుకొనుటకు వీలైన సులభయంత్రము. 1961 జనవరి 3వ తేదీ రాత్రి, పనికై ఆపియుంచిన యా యంత్రమును మరల సిద్ధము చేయుచున్న ముగ్గురిలో ఒకరు నియంత్రణ కడ్డీని చేతితో పైకి లాగిరి. నాలుగంగుళములు లాగవలసినది ఇరువది యంగుళములు లాగిరి. కనుఱెప్పపాటులో ఆ చిన్న రియాక్టరు తన సామర్థ్యమునకు వేలరెట్లు శక్తిని వెలార్చెను. ముగ్గురును మరణించిరి. వారి శవములను సీసపు పెట్టెలలో పూడ్చవలసివచ్చెను. చిన్నది గనుక అపాయము లేదనువారికి ఈ ఒక్క రాత్రియే ప్రత్యుత్తరము.

అమెరికా నౌకాదళమువారు అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రమున 1962లో మఱొక రియాక్టరును నెలకొల్పిరి. ఎముకలు కొఱుకు చలిలో, సంవత్సరమున కొకమాఱు ఓడ వచ్చుచోట, రియాక్టరుకన్న తగిన సాధన మేమున్నది? అయినను అది తఱచు ఆగిపోవుచు పదియేండ్లు నడచి 1972లో మూతపడెను. మూసివేసిన పిదప కలుషితమైన మట్టిని రాళ్లను వేల టన్నులు త్రవ్వి ఓడలపై అమెరికాకు మోసికొనిపోయిరి. డీజిలు మోయుట తప్పినదని సంతోషించినవారు చివరకు మన్ను మోసిరి.

ప్రతిపక్షమునకు న్యాయము చేయవలెను గాన విజయముగ లెక్కింపదగిన యొక దృష్టాంతమును చెప్పెదను. స్వీడను దేశమున స్టాక్‌హోము నగరపు పొలిమేరలో, ఆగెస్టా యనుచోట కొండఱాతి గర్భమున కట్టిన రియాక్టరు 1964 మొదలు 1974 వఱకు ఫార్స్టా యను శివారు పేటలోని యిండ్లకు వేడినీటి నందించెను. కొంత విద్యుత్తు నిచ్చెను. సామాన్య సంసారముల నిత్యజీవనములోనికి చిన్న రియాక్టరు చొచ్చిన యరుదైన సందర్భ మిది. పదియేండ్ల తరువాత ఖర్చు కిట్టక దానిని నిలిపివేసిరి. కనడా దేశమువా రింకను ముందుకుపోయిరి. వారి 'స్లోపోక్' అను 20 కిలోవాట్ల పరిశోధన రియాక్టరు ఎంత సాధువనగా, రాత్రివేళ మనుష్యుడు దగ్గఱ లేకుండ నడుపుటకును ప్రభుత్వ మనుమతించెను. అంతటి మచ్చికైన యంత్రమును పెంచి భవనములకు వేడినిచ్చునదిగా చేయవలెనని 1980లలో ప్రయత్నించిరి. యంత్రము పనిచేసెను; కొనువారు రాలేదు. శాస్త్రము ఓడిన చోట్లకన్న బేరము కుదరని చోట్లే ఈ చరిత్రలో ఎక్కువ.

కొందఱు మిత్రు లడుగుదురు: రియాక్టరు మాట యటుండనిండు, 'అణు బ్యాటరీ' లేదా? ఉన్నది. అందు పరంపరా విచ్ఛిత్తి లేదు. ప్లుటోనియము-238 వంటి పదార్థము తనంత తాను క్షీణించుచు వెడలించు వేడిని విద్యుత్తుగా మార్చుదురు. 1977లో బయలుదేరిన వాయేజరు నౌకలు నేటికిని ఆ దీపముతోనే సూర్యమండలపు టంచులు దాటి వార్తలు పంపుచున్నవి. 1970లో పారిసు నగరమున ఒక హృద్రోగి ఎదలో ప్లుటోనియము గడియారమును అమర్చిరి. ఈ దీపములు గొప్పవే. కాని వాయేజరునందలి మూడు పెట్టెలును కలిసి బయలుదేరిననాడు ఇచ్చినది 470 వాట్లు. అది మన యింటిలో ఒక మిక్సీకి సరిపోవును. దానికొఱకు పెట్టిన వెల ఆకాశయానమునకే తగును.

అంతకన్న ముఖ్యమైన చిక్కు వేఱొకటి కలదు. సోవియెట్టు ప్రభుత్వము మనుష్యసంచారము లేని సముద్రతీరములందలి దీపస్తంభములకును, కొండలలోని రేడియో కేంద్రములకును స్ట్రాంషియము-90 బ్యాటరీలను పెట్టించెను. ప్రభుత్వము పోయెను, బ్యాటరీలు మిగిలెను. 2001 డిసెంబరున జార్జియా దేశములో లియా గ్రామ సమీపమున అడవికి పోయిన ముగ్గురు మనుష్యులకు, చుట్టును మంచు కరగియున్న రెండు లోహపు ముక్కలు దొరకెను. చలికాచుకొనుటకు వెచ్చని వస్తువు దొరకెనని రాత్రియంతయు ప్రక్కన పెట్టుకొనిరి. ముగ్గురి దేహములును కాలిపోయెను. వారిలో ఒకరు 2004లో మరణించిరి. అది దూరదేశపు కథ యనుకొనకుడు. 2010లో మన ఢిల్లీ నగరపు మాయాపురి పాతయినుప బజారునకు, ఒక విద్యాసంస్థలో ఏండ్లతరబడి వాడుకలేక పడియున్న కోబాల్టు-60 యంత్రము వేలములో చేరెను. అదేమో తెలియని కూలీలు దానిని పగులగొట్టిరి. అందొకరు మరణించిరి. పట్టభద్రులును ఆచార్యులును నిండిన సంస్థలోనే వస్తువు లెక్క తప్పినపుడు, ఇంటింటికి ఒక పెట్టె పంచిపెట్టి, ఏబదియేండ్ల తరువాత ఆ యింటివారి మనుమలు దానిని పాతసామానులవానికి వేయకుండ కాపాడువా రెవ్వరు? ఇది భౌతికశాస్త్ర ప్రశ్న గాదు. ఇండ్లు అమ్ముడుపోవును, అన్నదమ్ములు వేఱుపడుదురు, దావాలు నడచును, తాళములు పోవును. ఈ సంగతి న్యాయవాదికి తెలిసినంత శాస్త్రజ్ఞునకు తెలియదు.

కాబట్టి ఇంటిలోని రియాక్టరు మాట ఇక్కడితో ముగిసినది. ఊరి రియాక్టరు మాట ఇంకను ముగియలేదు.

నేడు 'చిన్న' యను మాటకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థవారి యర్థము 300 మెగావాట్ల లోపు. నెలకు 100 యూనిట్ల సంసారమునకు సగటున 140 వాట్లు చాలును గనుక 300 మెగావాట్లనగా ఇరువది లక్షల సంసారముల దీపము! దీనిని చిన్నది యని పిలుచుట పెద్దవానితో పోల్చి మాత్రమే. ఆ కొలతను బట్టి చూచిన కల్పాక్కము, కైగా, నరోరా, కాక్రపారలలో ఏండ్లుగా నడచుచున్న మన 220 మెగావాట్ల రియాక్టరులును చిన్నవే. మన మెన్నడును వానిని ఇంటిదీపము లనుకొనలేదు.

కట్టి నడుపుచున్న క్రొత్తవి మిక్కిలి కొద్ది. రష్యా దేశపు ఉత్తరపు కొననున్న పెవెక్ అను చిన్న రేవునకు 'అకడమిక్ లోమొనోసోవ్' అను తేలుడు విద్యుత్కేంద్రము 2019 డిసెంబరు నుండి విద్యుత్తు నిచ్చుచున్నది. అందు 35 మెగావాట్ల రియాక్టరులు రెండు. దాని నిర్మాణము 2007లో మొదలిడిరి, పండ్రెండేండ్లు పట్టెను. చీనాదేశమున షిదావ్ అఖాతముకడ వాయువుతో చల్లబఱచు రెండు చిన్న రియాక్టరులు కలిసి 210 మెగావాట్ల యంత్రమును త్రిప్పుచు 2023 డిసెంబరున వర్తకపు పద్ధతిని నడువ నారంభించినవి.

ఈ చీనా రియాక్టరునందు చిన్నతనపు నిజమైన గుణమొకటి కనబడును. దానిని దాచుట అన్యాయము. రియాక్టరును ఆపినంతమాత్రమున వేడి ఆగదు. ఆర్పిన పొయ్యిలో నిప్పుకణికలవలె నూటికి ఆఱేడు పాళ్ల వేడి అప్పటికప్పుడు మిగిలియుండి మెల్లమెల్లగ తగ్గును. 2011 మార్చిలో ఫుకుషిమా రియాక్టరులు భూకంపము రాగానే ఆగిపోయినవి. సముద్రము పొంగి పంపులు చెడుటచే, ఈ మిగులు వేడియే వానిని కరగించెను. పెద్ద కుండలోని గంజి ఆలస్యముగ చల్లారును, చిన్న గిన్నెలోనిది త్వరగా చల్లారును. చిన్న రియాక్టరు తన మిగులు వేడిని పంపు లేకయే గోడలగుండ విడిచిపెట్టగలదు. 2023లో షిదావ్‌నందు నడచుచున్న యంత్రమునకు చల్లబఱచు సాధనములను కావలెననియే ఆపి పరీక్షించిరి. అది తనంత తానే చల్లారెను. ఇది సాక్ష్యము, ఆశ గాదు. నే నీ యంశమును సంపూర్ణముగ నంగీకరించుచున్నాను.

అయితే ఖర్చు? కర్మాగారములు కట్టు ఇంజనీయర్లకు ఒక పాత లెక్క కలదు: సామర్థ్యమును పది రెట్లు తగ్గించిన వ్యయము నాలుగు రెట్లే తగ్గును. అనగా యూనిటు వెల రెండున్నర రెట్లు పెరుగును. దీనికి సమాధానముగ చిన్న రియాక్టరు పక్షమువారు, మేము ఒక్కొక్కటి చెక్కము, కర్మాగారమున అచ్చుపోసి వందలకొలది తీయుదుము, అప్పుడు వెల దిగునందురు. వాదము బాగున్నది. కాని వందల గిరాకీ వచ్చినగాని కర్మాగారము కట్టరు. కర్మాగారము కట్టి వెల దించినగాని గిరాకీ రాదు. పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు, పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదు.

ఈ సామెతను అమెరికాలో యూటా రాష్ట్రపు పట్టణములవారు సొమ్ము పెట్టి నేర్చుకొనిరి. మనవంటి పురపాలక సంఘములు అనేకము కూడి, న్యూస్కేల్ కంపెనీవారి చిన్న రియాక్టరులను ఇడాహోలో నెలకొల్పి విద్యుత్తు పంచుకొన నొడంబడిరి. మొదట పండ్రెండు రియాక్టరు లనిరి, పిదప ఆఱనిరి. వేయి యూనిట్లకు 58 డాలర్లని చెప్పిన వెల 2023 జనవరి నాటికి, ప్రభుత్వ సహాయము పోగా, 89 డాలర్లయ్యెను. 462 మెగావాట్లకు మొత్తము వ్యయము 930 కోట్ల డాలర్లు! లోగన్, లీహై వంటి పట్టణములు 2020లోనే లెక్క చూచుకొని తప్పుకొన్నవి. 2023 నవంబరులో పథకమే రద్దయ్యెను. ఆ పట్టణ సభ్యులు విజ్ఞానద్వేషులు గారు; పన్ను కట్టువానికి జవాబు చెప్పవలసినవారు. అలాస్కాలోని గలీనా గ్రామమున అంతకు ముందే ఇట్టి కథ నడచెను. సుమారు ఏడువందల జనము, పడవపై వచ్చు డీజిలు, ఇరుగుపొరుగు లేని చలి. తోషిబా కంపెనీవారు ముప్పదియేండ్లు ఇంధనము మార్చనక్కఱలేని 10 మెగావాట్ల రియాక్టరు నిచ్చెదమనిరి. గ్రామ పెద్దలు 2004లో సరే యనిరి. రియాక్టరు నేటివఱకు రాలేదు.

సిబ్బంది మాటయు నాలోచింపుడు. 5 మెగావాట్ల యంత్రమైనను, వేయి మెగావాట్లదైనను కావలివాడు నిదురపోరాదు. రాత్రింబగళ్లు శిక్షణ గలవారు కనిపెట్టుకొని యుండవలెను. మంచినీటి పంపును వేళకు తిప్పు మనిషిని నిలుపుకొనుటయే మన పురపాలక సంఘములకు గగనమగుచున్నది గదా. మన దేశపు పాత అణువిద్యుత్కేంద్రముల చుట్టును 1.6 కిలోమీటర్ల మేర జననివాసము లేకుండ విడిచిరి. అది రెండువేల యెకరములు. వేయి మెగావాట్లకు అంత భూమిని విడువవచ్చును. ఐదు మెగావాట్లకు విడిచిన, అది చిన్న రియాక్టరు పేరుగల పెద్ద బంజరగును. విడువకున్న, ఇండ్ల నడుమ రియాక్టరగును. ఈ రెండిట నేది మీ యభిమతమని యడిగిన ప్రచారకులు తిన్నగ చెప్పరు. వ్యర్థపదార్థముల సంగతియు నట్టిదే: చిన్న కొలిమినుండి న్యూట్రానులు ఎక్కువ తప్పించుకొని చుట్టునున్న ఉక్కును కలుషితము చేయును గనుక, విద్యుత్తు యూనిటుకు వ్యర్థపు రాశి పెద్దవానికన్న 2 నుండి 30 రెట్ల వఱకు పెరుగవచ్చునని 2022లో అమెరికాలో ముగ్గురు పండితులు ప్రకటించిరి. కంపెనీలవారు ఖండించిరి. వాదము తేలలేదు.

ఇక మన దేశము. 2025 ఫిబ్రవరి బడ్జెటులో కేంద్ర ప్రభుత్వము చిన్న రియాక్టరుల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించి, 2033 నాటికి స్వదేశనిర్మితములైన వానిని కనీసమైదింటిని నడుపుదుమని ప్రకటించెను. ట్రాంబే శాస్త్రజ్ఞులు 200 మెగావాట్లది, 55 మెగావాట్లది రూపొందించుచున్నారు. 220 మెగావాట్ల పాత నమూనానే 'భారత్ చిన్న రియాక్టరు' అని పేరుపెట్టి, ఉక్కు, సిమెంటు, అల్యూమినియము కర్మాగారములవారు తమ సొంత వాడుకకు పెట్టుబడి పెట్టవచ్చునని పిలిచిరి. రాత్రింబగళ్లు ఒకే తీరున కాలవలసిన కొలిములకు ఇది తగినదనియే నా యభిప్రాయము. శాస్త్రజ్ఞుల శక్తియందు నాకు సందేహము లేదు; మన దేశపు రియాక్టరులలో పెక్కింటికి ఇంధనపు కడ్డీలు హైదరాబాదులోనే తయారగుచున్నవి, ఆ పనిచేయు చేతులలో మన తెలుగువారివి అనేకములు. నా సందేహము చట్టముమీద.

2010 నాటి అణునష్ట బాధ్యతా చట్టమున 10 మెగావాట్ల వేడికి తక్కువ గాని విద్యుత్ రియాక్టరు దేనికైనను, పెద్దదైనను చిన్నదైనను, నడుపువాని బాధ్యత 1,500 కోట్ల రూపాయలు. అది చాలదని మేమందఱ మప్పుడే మొఱపెట్టితిమి. అందొక మంచి సెక్షను మాత్రముండెను: పనిముట్టు లోపముతో ప్రమాదము జరిగిన, ఆ పనిముట్టు నమ్మినవానినుండి సొమ్ము రాబట్టుకొను హక్కు. 2025 డిసెంబరున పార్లమెంటు 'శాంతి' యను క్రొత్త చట్టమును చేసి, 1962 నాటి అణుశక్తి చట్టమును 2010 నాటి చట్టమును రద్దుచేసి, ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెఱచెను. పేరు శాంతి, చదివిన న్యాయవాదికి మాత్రము శాంతి కలుగదు. అందు నడుపువాని బాధ్యతకు తరగతులేర్పఱచిరి: అతి పెద్ద రియాక్టరునకు 3,000 కోట్లు, అతి చిన్నదానికి 100 కోట్లు. ఆ పైన కొంత మేర కేంద్ర ప్రభుత్వము, అనగా మనమే, భరింపవలెను. లోపముగల పనిముట్టు నమ్మినవానిపై నుండిన యా హక్కును తీసివైచిరి. ఒప్పందమున వ్రాసికొన్నగాని, బుద్ధిపూర్వకముగ చెఱుపు చేసినగాని వానిజోలికి పోరాదు.

ఇందలి చిక్కును గమనింపుడు. చిన్న రియాక్టరు గొప్పతనమంతయు అచ్చుపోసి కర్మాగారమున తీయుటలో నున్నదని గదా వారి వాదము? అట్లయిన లోపము పుట్టునదియు ఆ కర్మాగారముననే. ఒక అచ్చులో దోషమున్న వంద రియాక్టరులలో అదే దోషము. సరిగ్గ ఆ కర్మాగారపువానినే చట్టము విడిచిపెట్టినది. రెండవది, చిన్న యంత్రమునకు చిన్న బాధ్యత యనుట. నష్టము యంత్రపు మెగావాట్లను బట్టి మాత్రమే యుండదు. ప్రక్కన నెవరు నివసించుచున్నారో దానిని బట్టియు నుండును. చిన్నది గనుక ఇండ్ల చేరువకు తెచ్చెదమనువారు, చిన్నది గనుక పరిహారము తగ్గించెదమనుట ఒకే తక్కెడలో రెండువైపుల తూచుకొనుట. 1986లో ఎం.సి. మెహతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు, అపాయకరమైన వ్యాపారము చేయువానికి సంపూర్ణ బాధ్యత కలదనియు, ఆ సంస్థ యెంత పెద్దదో పరిహారమంత పెద్దది కావలెననియు చెప్పెను. సంస్థ పరిమాణము, యంత్రపు పరిమాణము గాదు. లక్షకోట్ల ఆస్తిగల కంపెనీ అతిచిన్న రియాక్టరును నడిపిన దాని బాధ్యత 100 కోట్లకు దిగుటను ఈ సూత్రముతో ఎట్లు పొసగింతురో నాకు బోధపడదు. 1984లో భోపాలు మరణములకు 1989లో 47 కోట్ల డాలర్లతో రాజీ చేసికొని, నేటికిని ఆ బాధితులు కోర్టుల చుట్టు తిరుగుట చూచినవారము మనము.

మన యాంధ్రదేశమునకు ఈ విషయముతో పొత్తు లేకపోలేదు. కడపజిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని కలదు. చుట్టుపట్ల పల్లెలవారు బావినీళ్లు చెడెనని ఏండ్లుగా ఫిర్యాదు చేయుచున్నారు. శ్రీకాకుళముజిల్లా కొవ్వాడలో ఆఱు పెద్ద రియాక్టరుల కొఱకు భూమి సేకరించిరి. నల్లమలలో యురేనియము త్రవ్వకము వలదని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానించెను. చిన్న రియాక్టరైనను దాని మొదలు ఏదో పల్లెలోని గనియందును, తుద ఏదో పల్లెప్రక్కన వ్యర్థపు గుంటయందును ఉండును.

ఇంటిదీపము సంగతి యేమి యందురా? 2024లో మొదలైన సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయలు సహాయము దొరకును. మన దేశమున పెద్ద సూర్యవిద్యుత్ కేంద్రములు యూనిటుకు సుమారు రెండున్నర రూపాయలకు అమ్ముచున్నవి. రాత్రికి బ్యాటరీ వలయును, మేడ లేనివారికి చోటు వలయును. ఆ చిక్కులు నే నెఱుగుదును. కాని అవి బజారులో తీరు చిక్కులు. సూర్యుడును అణుకొలిమియే, పదునైదు కోట్ల కిలోమీటర్ల దూరమున పెట్టి, కావలివాడు లేకుండ నడుపబడుచున్నది.

చివరగా ఒక పనిమాట. మన చేరువ నే కర్మాగారమువారైనను ఇట్టి రియాక్టరును తలపెట్టినచో, 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము బహిరంగ విచారణ జరుగవలెను. ముప్పది దినములు ముందుగ నోటీసు ప్రకటింపవలెను. నివేదిక సంగ్రహమును స్థానికభాషలో అందుబాటున నుంచవలెను. ఆ తెలుగు సంగ్రహము చేతికి వచ్చిననాడు మొదటి పుటలలోని మెగావాట్లను చదువుచు కూర్చుండకుడు. వాడిన ఇంధనమును ఏండ్లకొలది ఎచ్చట నుంతురు, నివాసము నిషేధించిన హద్దు ఎంత దూరము, పనిముట్లు అమ్మువానితో చేసికొన్న ఒప్పందమున లోపములకు బాధ్యత వ్రాసిరా లేదా, ఈ మూడింటిని వెదకుడు. కానరానిచో ఆ లోపమునే కాగితముపై వ్రాసి, సంతకము పెట్టి, విచారణాధికారికి దాఖలుచేసి, రశీదు తీసికొనుడు. నోటిమాట మినిట్సులో చేరకపోవచ్చును.